కేళీలు ఏరితేనే కెంపు రంగు!

వేలి గోరంత రొయ్య... దానికో రంగు, ఆ రంగుకో గ్రేడు, ఆ గ్రేడుకో ధర! అద్దాల తొట్టెలో పదితో మొదలై వందలుగా పెరిగి, ఆ వందల్లోంచి మళ్లీ పదో ఇరవయ్యో మాత్రమే మిగిలే విచిత్రమైన సాగు ఇది. నంద్యాల, ఆళ్లగడ్డ విత్తన పొలాల్లో కేళీలు ఏరే రైతుకి ఈ లెక్క కొత్తేమీ కాదు. కాకపోతే, పనికిరాని మొక్కని పీకి గట్టున పడేయొచ్చు. మరి ప్రాణమున్న రొయ్యని?

రొయ్య అనగానే తెలుగువాళ్లకి మొదట గుర్తొచ్చేది వేపుడో ఇగురో. ఆ తర్వాత భీమవరం చెరువులు, ఏరేటర్ల చప్పుడు, వంద కౌంటు ధర. అలాంటిది, రొయ్యని కేవలం కళ్లారా చూసుకోవడానికి పెంచుతారంటే 'ఇదేం సరదా!' అనిపిస్తుంది. కానీ జపాన్, తైవాన్, జర్మనీల్లో ఈ సరదాకి పోటీలున్నాయి, న్యాయనిర్ణేతలున్నారు. నగల దుకాణంలో రాళ్లని పరీక్షించినట్టు రొయ్యని అటూ ఇటూ చూసి, రంగు చిక్కదనానికింత, కాళ్ల రంగుకింత అని మార్కులేస్తారు. మన దేశంలోనూ అక్వేరియం ఉన్న ఇళ్లలోకి ఈ చిట్టి రొయ్యలు మెల్లగా వచ్చేస్తున్నాయి. రంగు చేపలకి పెట్టింది పేరైన చెన్నై కొళత్తూరు నుంచి ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రాయలసీమ ఊళ్లకీ చేరుతున్నాయి.

వీటిలో అందరికీ అందుబాటులో ఉండేది చెర్రీ రొయ్య. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నియోకారిడినా డేవిడి. 1904లో ఫ్రెంచి శాస్త్రవేత్త బూవియే దీన్ని మొదట వర్ణించాడు. పుట్టిల్లు తైవాన్, చైనా వాగులు. పూర్తిగా ఎదిగినా రెండున్నర, మూడు సెంటీమీటర్లకి మించదు. ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్లు. అసలు విశేషమేమిటంటే, పుట్టింట్లో ఉన్న రొయ్య ఎర్రగా ఉండదు. బురద నీళ్లలో కలిసిపోయే మట్టి రంగో, ఆకుల పాచి రంగో... సగం పారదర్శకంగా, ఎవరి కంటా పడకుండా బతుకుతుంది. కంటపడితే చేప నోట్లోకి పోవడమే కదా! ఆ మట్టి రంగు మందలో ఎప్పుడో ఒకదానికి కాస్త ఎరుపు మచ్చలు కనిపించాయి. వాగులో అయితే దాని కథ అక్కడితో ముగిసేది. తొట్టెలో మాత్రం ఓ మనిషి దాన్ని చూశాడు. వేరు చేశాడు. అక్కడ మొదలైంది ఇదంతా.

ఇప్పుడు ఎరుపొక్కటే కాదు, పసుపు, నారింజ, నీలం, చాక్లెట్, ఆకుపచ్చ, నలుపు కూడా ఉన్నాయి. నడుం భాగం మాత్రం అద్దంలా ఉండి తల, తోక రంగుతో మెరిసే 'రిలి' రకం ఉంది. ఇవన్నీ ఒకే జాతి! రంగుని బట్టి పేరు పెట్టడం మనకేం కొత్త... గోదావరి జిల్లాల్లో కోడిపుంజుని డేగ, కాకి, నెమలి అని పిలిచేది ఈక రంగుని బట్టే. నెల్లూరు గొర్రెల్లో పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలు చెప్పేదీ ఒంటి రంగుని బట్టే.

పిల్ల పుట్టుకలోనే ఉంది కిటుకు

రొయ్యల రైతుని అడిగితే చెబుతాడు, సీడు తయారుచేయడం ఎంత పెద్ద యాగమో. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చేది రొయ్య కాదు, నాప్లి. అది జోయియా అవుతుంది, మైసిస్ అవుతుంది, అప్పటికి గానీ రొయ్య రూపం రాదు. ఒక్కో దశలో ఒక్కో మేత. మన మంచినీటి నీలకంఠ రొయ్య కూడా గుడ్లు పొదగాల్సి వచ్చేసరికి ఏటికి దిగువన ఉప్పు కలిసిన నీళ్ల దాకా పోవాల్సిందే. ఆ ఉప్పదనం లేకపోతే దాని పిల్లలు బతకవు. అందుకే హేచరీలు సముద్రం ఒడ్డున వెలిశాయి.

చెర్రీ రొయ్యకి ఈ బాధ లేదు. తల్లి ఇరవై ముప్ఫై గుడ్లని పొట్ట కింద చిన్న ద్రాక్షగుత్తిలా అంటించుకుని తిరుగుతుంది. ఈదే కాళ్లతో వాటికి విసనకర్రలా గాలి విసురుతూ మూడు నాలుగు వారాలు కాపాడుతుంది. బయటికొచ్చిన పిల్ల రెండు మిల్లీమీటర్లే ఉన్నా అచ్చం తల్లి రూపమే. పుట్టిన రోజే గాజుకి పట్టిన పాచి గీక్కుని తినడం మొదలెడుతుంది. రెండు మూడు నెలలకి అదీ తల్లవుతుంది.

అంటే ఏడాదికి సుమారు నాలుగు తరాలు. ఓ ఒంగోలు గిత్త పనితనం తేల్చుకోవడానికి రైతు ఏళ్లకేళ్లు ఆగాలి. చెర్రీ రొయ్యతో అయితే పిల్లవాడు తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి ఇంటర్ పూర్తిచేసేలోగా పదిహేను తరాలు కళ్లముందే చూడొచ్చు. వంశపారంపర్యం గురించి పాఠ్యపుస్తకంలో చదివే బఠాణీల కథకి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఇంట్లో దొరకదు.

డోన్ నీళ్లు, నంద్యాల ఎండలు

డోన్ పేరు చెబితే పాత తరానికి ద్రోణాచలం జంక్షన్ గుర్తొస్తుంది. ఇళ్లు కట్టుకునేవాళ్లకి పక్కనున్న బేతంచెర్ల నాపరాళ్లు గుర్తొస్తాయి. ఈ చుట్టుపక్కల నేలలో సున్నపురాయికి కొదవలేదు. అదే రాయిని నీళ్లు లక్షల ఏళ్లు తొలిస్తే కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలయ్యాయి. ఇక్కడి రాతి పొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లే నంద్యాల, కోవెలకుంట్ల, పాణ్యం, బనగానపల్లె! అలాంటి నేలలోంచి తోడిన నీళ్లు కఠినంగా ఉండటంలో వింత లేదు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర, కుళాయి మూతికి సున్నం పేరుకోవడం... వీటిని చూసి విసుక్కోని ఇల్లాలుండదు.

ఇల్లాలికి విసుగు తెప్పించే ఆ సున్నమే చెర్రీ రొయ్యకి బలం. రొయ్య పెరగాలంటే పాము కుబుసం విడిచినట్టు పైపెంకు విడవాలి. కొత్త పెంకు గట్టిపడాలంటే నీళ్లలో కాల్షియం ఉండాలి. మరీ మెత్తని నీళ్లలో పెంకు సగం విడిచి సగంలో ఇరుక్కుని చచ్చిపోతుంది. పీహెచ్ ఏడుకీ ఎనిమిదికీ మధ్య, ఓ మాదిరి కాఠిన్యం దీనికి సరిపోతాయి. కాబట్టి బోరు నీళ్లు మరీ ఉప్పగా లేకపోతే ఈ ప్రాంతం చెర్రీ రొయ్యకి అనువైనదే. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఓ రోజు తెరిచి ఉంచాలి.

చిక్కంతా వేసవిలోనే. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల రాష్ట్రంలోకెల్లా వేడి ఊళ్ల జాబితాలో తరచూ కనిపిస్తుంది. నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గిపోయి తల్లులు గుడ్లు రాల్చేస్తాయి. ఇంకో సంగతీ ఉంది. వేడి పెరిగేకొద్దీ పుట్టే పిల్లల్లో మగవే ఎక్కువవుతున్నాయని టర్కీ పరిశోధకుల అధ్యయనంలో తేలింది. అదృష్టవశాత్తూ సీమ గాలి పొడిగా ఉంటుంది. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. తొట్టె మూత తీసి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. తేమగాలి వీచే భీమవరంలో ఈ చిట్కా ఇంత బాగా పనిచేయదు. అయితే ఆవిరయ్యేది నీరే, సున్నం కాదు. ఆ లోటుని మళ్లీ బోరు నీళ్లతో పూడిస్తే ఉప్పులు పేరుకుపోతాయి. అందుకని పైనుంచి పోసే నీళ్లు మాత్రం మినరల్ వాటర్ ప్లాంటు క్యాన్ నుంచి పోయడం మేలు.

ఎరుపు ఎక్కడిది?

రొయ్యని మూకుట్లో వేయగానే ఎర్రబడటం అందరూ చూసిందే. ఆ ఎరుపు కొత్తగా పుట్టింది కాదు, ముందు నుంచీ ఉన్నదే. ఆస్టాగ్జాంథిన్ అనే ఎర్రటి పదార్థం రొయ్య ఒంట్లో మాంసకృత్తులతో పెనవేసుకుని నీలంగానో బూడిదరంగుగానో కనిపిస్తుంది. వేడికి మాంసకృత్తి విడిపోతే అసలు రంగు బయటపడుతుంది. ఈ జాతి రంగు పదార్థాలని రొయ్య మొదటినుంచీ సొంతంగా తయారుచేసుకోలేదు. పాచి నుంచో, మేత నుంచో రావాలి. అంటే, వంశంలో ఎరుపున్నా పళ్లెంలో లేకపోతే రంగు పలచబడుతుంది.

మూడోది నేపథ్యం. చర్మం కింద ఉండే రంగు కణాలని రొయ్య విప్పగలదు, ముడవగలదు. తెల్ల ఇసుక మీద వదిలితే పాలిపోతుంది. నల్ల ఇసుక మీద అదే రొయ్య కెంపులా కనిపిస్తుంది. ఈ సంగతి అమ్మేవాళ్లకి బాగా తెలుసు. నల్లటి తొట్టెలో చూసి మురిసి కొన్న రొయ్య ఇంటికొచ్చాక వెలవెలబోతే, ప్రయాణపు బడలికో మోసమో కానక్కర్లేదు, కింద పరిచిన ఇసుక కూడా కారణం కావొచ్చు. బట్టల దుకాణంలో చీర రంగుని బయటి వెలుతురులో చూసుకునే ఇల్లాళ్లు ఈ విషయంలో మోసపోరు.

ఇక అసలు వెలుగే లేకపోతే? ఆంధ్రలోని సున్నపురాతి గుహల్లో చీకట్లో బతికే ఓ చిన్న జీవిని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై.రంగారెడ్డి, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విల్సన్ కలిసి 2011లో లోకానికి పరిచయం చేశారు. రొయ్యకి దూరపు చుట్టమే. దాని ప్రజాతికి ఆంధ్ర పేరే పెట్టారు... ఆంధ్రకాయిడ్స్ అని. ఎవరూ చూడని చోట రంగుకి పని లేదు. అలాంటి గుహజీవులు సాధారణంగా తెల్లగా పాలిపోయి ఉంటాయి.

కాబట్టి ఏరేవాడికి మొదటి పాఠం, అన్నిటినీ ఒకే ఇసుక మీద, ఒకే దీపం కింద, ఒకే మేత పెట్టి పోల్చడం. అప్పుడు మిగిలే తేడాయే వంశానిది.

వెయ్యిలో ఒకటి

రంగు రొయ్యల లోకంలో అందరూ చెప్పుకునే పేరు హిసయాసు సుజుకి. జపాన్‌వాడు. నలుపు తెలుపు పట్టీలుండే తేనెటీగ రొయ్యల్ని పెంచేవాడు. 1990ల మొదట్లో ఆయన తొట్టెలో నల్ల పట్టీ ఉండాల్సిన చోట ఎర్ర పట్టీతో ఓ పిల్ల కనిపించింది. వందల్లో వేలల్లో ఒకటి. ఆ ఎరుపుని నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది. అదే తర్వాత 'క్రిస్టల్ రెడ్' పేరుతో ప్రపంచమంతా పాకింది. సరదా ఏమిటంటే, అప్పటికి ఆ తేనెటీగ రొయ్యకి శాస్త్రంలో సొంత పేరే లేదు! హాంకాంగ్, దక్షిణ చైనా వాగుల్లో ఉండే ఆ జాతికి 2014లో గానీ కారిడినా లోగెమన్ని అని పేరు పెట్టలేదు.

సుజుకికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? ఎరుపు లక్షణం నలుపు ముందు తలవంచుకుంటుంది గనక. ఎర్రదాన్ని అచ్చ నల్లదానితో జతకట్టిస్తే పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. చూసేవాడు 'పోయిందిరా ఎరుపు' అనుకుంటాడు. పోలేదు, దాక్కుంది. ఆ నల్ల పిల్లల్ని తమలో తాము జతకట్టనిస్తే నాలుగింట ఒకటి ఎర్రగా వస్తుంది. మిగతా మూడు నల్లవాటిలో రెండు ఎరుపుని మోస్తూనే ఉంటాయి, కంటికి మాత్రం తెలియదు. తాత పోలిక మనవడికి వచ్చినట్టే ఇదీ.

ఎర్రటి జత దొరికాక పని తేలికవుతుందనుకుంటే పొరపాటు. అప్పుడు మొదలవుతుంది తెలుపు గోల. క్రిస్టల్ రెడ్‌లో తెలుపు ఎంత చిక్కగా, ఎంత ఎక్కువగా ఉంటే అంత గొప్ప. సి, బి, ఎ, ఎస్, ఎస్‌ఎస్, ఎస్‌ఎస్‌ఎస్ అని గ్రేడులు. తెల్లటి వీపు మీద గుండ్రటి ఎర్ర బొట్టు ఒక్కటే ఉంటే దానికి 'హినోమారు' అని పేరు... జపాన్ జెండా అన్నమాట! చెర్రీల్లోనూ ఇలాంటి మెట్లున్నాయి. మచ్చమచ్చలుగా ఉంటే మామూలు చెర్రీ, ఒళ్లంతా రంగు పరుచుకుంటే సకురా, ఇంకా చిక్కబడితే ఫైర్ రెడ్, కాళ్లతో సహా రంగేసినట్టుంటే పెయింటెడ్ ఫైర్ రెడ్. ఈ గ్రేడులకి ఏ ప్రభుత్వ ముద్రా లేదు. ఒకరి సకురా ఇంకొకరికి చెర్రీయే. కొనేవాళ్లు పేరుకి కాక కంటికి కనిపించేదానికి డబ్బివ్వడం మంచిది.

అన్నట్టు, తేనెటీగ రొయ్య డోన్‌కి సరిపడదు. దానికి మెత్తని, కాస్త పులుపు నీళ్లు, 25 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. శుద్ధి చేసిన నీళ్లు, చిల్లరు కొని పెంచేవాళ్లూ ఉన్నారు. అది వేరే ఖర్చు, వేరే పిచ్చి.

మగదాన్ని మరిచిపోవద్దు

ఇంట్లో పది చెర్రీ రొయ్యలతో మొదలుపెట్టారనుకుందాం. ముప్ఫై నలభై లీటర్ల తొట్టె, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, కాస్త నాచు చాలు. నాలుగైదు నెలలకి వంద దాటతాయి. ఇక ఏరాలి. ఎప్పుడు? మరీ పసివాటిని ఏరితే తప్పు చేస్తారు, వాటికింకా రంగు దిగదు. మరీ ఆలస్యం చేస్తే పనికిరానివి అప్పటికే జతకట్టేస్తాయి. సెంటీమీటరున్నర వచ్చి, ఆడ మగ తేడా తెలిసే వారాలే అదను. చేనుకి కలుపు తీసే అదను లాంటిదే ఇదీ.

ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఆడ రొయ్య పెద్దది, రంగు చిక్కన. మగది చిన్నది, ఎప్పుడూ పలచనే. దాంతో కళ్లన్నీ ఆడవాటి మీదే ఉంటాయి. మగవాటిని చూసీ చూడనట్టు వదిలేస్తారు. కానీ పిల్ల రంగులో సగం తండ్రి వాటా! పశువుల సంతలో గిత్తని నాలుగువైపులా తిరిగి చూసే రైతు ఈ పొరపాటు చేయడు. మగవాటిని మగవాటితోనే పోల్చి, వాటిలో కాస్త మెరుగైనవాటిని ఉంచడంలోనే సగం విజయం ఉంటుంది.

మిగిలిన సగం, ఎన్నిటిని ఉంచాలన్న నిగ్రహం. అన్నిటికన్నా ఎర్రని మగ ఒక్కటీ, దానికి పది ఆడవీ... ఇదే సరైన ఏరివేత అనిపిస్తుంది. జన్యుశాస్త్రం లెక్క ప్రకారం మాత్రం ఆ పదకొండూ కలిపి మూడున్నర రొయ్యల కిందే లెక్క! తర్వాతి తరమంతా ఒకే తండ్రి బిడ్డలు. అన్నాచెల్లెళ్ల మధ్యే జతలు. నాలుగైదు తరాలకి రంగు అద్దిరిపోతుంది, మంద మాత్రం చితికిపోతుంది. గుడ్లు తగ్గుతాయి, పిల్లలు నిలవవు, నీళ్లు కాస్త మారితే చాలు తెల్లారేసరికి తిరగబడి ఉంటాయి. అదే పది మగ, పది ఆడ ఉంచితే ఆ ఇరవై ఇరవైగానే లెక్కకొస్తాయి. రంగు మెల్లగా పెరుగుతుంది, వంశం నిలుస్తుంది. మేనరికాల గురించి డాక్టర్లు చెప్పే మాటే ఇది, ఇంకాస్త తీవ్రంగా.

కోస్తా రొయ్యల రైతు దీన్ని పెద్ద ఎత్తున అనుభవించాడు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యని ఊడ్చేశాక, 2009లో వనామికి అనుమతి వచ్చింది. దాని తల్లి రొయ్యలు అమెరికాలోని హవాయిలాంటి చోట్ల తరతరాలుగా వ్యాధులు లేకుండా, త్వరగా ఎదిగేలా ఏరి పెంచినవి. చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీకి ఇస్తారు. 'మా చెరువులో ఏపుగా ఎదిగిన రొయ్యనే తల్లిగా వాడుకుంటే పోలా' అని ఎవరికైనా అనిపిస్తుంది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనలు అందుకు ఒప్పుకోవు. చెరువులో పెరిగినవి వ్యాధిని మోసుకొస్తాయన్నది ఒక భయం, అన్నీ ఒకే తల్లి పిల్లలై వంశం బలహీనపడుతుందన్నది రెండో భయం.

గట్టున పడేయలేనివి

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచీ ఏరివేతల మీదే నడుస్తోంది. తెల్ల జొన్నలో ఎన్‌టీజే రకాలు, యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా ఎదిగే 'ధీర' శనగ... ఇలాంటి ఒక్కో రకం వెనక శాస్త్రవేత్తలు వద్దని పక్కన పెట్టిన మొక్కలు వేలల్లో ఉంటాయి. విత్తన పొలంలో అయితే పూత రాకముందే రైతు సాళ్లలో నడుస్తూ ఎత్తులో, ఆకులో, రంగులో తేడాగా ఉన్నదాన్నల్లా పీకేస్తాడు. అవే కేళీలు. వాటికోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. ఆళ్లగడ్డ శిల్పి చెక్కి రాల్చిన రాతి ముక్కల గురించి ఎవరైనా బాధపడతారా!

రొయ్య దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. వందలో ఇరవై ఉంచుకుంటే మిగతా ఎనభై ఏమవ్వాలి? వాటికి జబ్బు లేదు, అవిటితనం లేదు. చేసిన నేరమల్లా కాస్త పలచగా పుట్టడమే. విదేశాల్లో చాలామంది వాటిని పెద్ద చేపలకి మేతగా వేసేస్తారు. రొయ్య ఉన్న వాగులో జరిగేదీ అదే కదా అన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ పదేళ్ల పిల్లాడు పేర్లు పెట్టుకుని పెంచిన రొయ్యల విషయంలో ఆ వాదన చెల్లదు. అలాంటి ఇళ్లలో పెట్టే రెండో తొట్టే దీనికి మంచి దారి. 'వద్దనుకున్నవి' అందులో హాయిగా పాచి తింటూ ఆయుష్షు తీరేదాకా బతుకుతాయి. రంగు పట్టింపు లేని స్నేహితులకి ఇస్తే వాళ్ల తొట్టె గాజు శుభ్రంగా ఉంటుంది. ఇచ్చేటప్పుడు 'ఇవి ఏరేసినవి' అని చెప్పాలి. మంచి గ్రేడు అని అంటగడితే వాళ్ల మంద మూడు తరాలు వెనక్కి పోతుంది.

చేయకూడని పని మాత్రం ఒకటుంది. జాలిపడి కాలవలో వదిలేయడం. కర్నూలు-కడప కాలవ, కుందూ నది, ఊరి చెరువు... ఎక్కడైనా సరే. 'చిన్న ప్రాణి, ఎక్కడో బతుకుతుందిలే' అనుకోవడంలోనే ప్రమాదముంది. నిజంగానే బతుకుతుంది! జర్మనీలో విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే వేడినీళ్లు కలిసే గిల్‌బాఖ్ వాగులో ఎవరో వదిలిన చెర్రీ రొయ్యలు కాపురం పెట్టేశాయి. పోలండ్‌లోనూ వేడినీటి కాలవల్లో దొరికాయి. హవాయి వాగుల్లో ఎప్పటి నుంచో తిష్టవేశాయి. ఐరోపాలో చలికాలమైనా వాటిని అడ్డుకుంటుంది. మన దగ్గర అడ్డుకునే చలెక్కడిది? మన చెరువుల్లో సొంతంగా ఉన్న చిట్టి రొయ్యల తిండికీ చోటుకీ పోటీ తప్పదు. పైగా తెల్లమచ్చ వైరస్ రొయ్య, పీత జాతుల్లో దేన్నీ వదలదు. కుందూ పెన్నలో కలుస్తుంది, పెన్న పోయేది నెల్లూరు వైపు... అక్కడే ఉన్నాయి రొయ్యల చెరువులు.

అక్వేరియం నుంచి బయటపడితే ఏమవుతుందో తెలుగునాట ఇప్పటికే ఓ సాక్ష్యముంది. తొట్టె గాజు శుభ్రం చేస్తుందని కొనుక్కొచ్చిన సక్కర్ చేప పెద్దదయ్యాక ఎవరెవరో చెరువుల్లో వదిలేశారు. ఇప్పుడది రైతుల నోట దెయ్యం చేప. ముళ్ల రెక్కలతో వలలు చించుతుంది, మేత తినేస్తుంది, కొనేవాడుండడు. తూర్పు కనుమల నీళ్లలో అది ఎంత దూరం పాకిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన దాని డీఎన్‌ఏ జాడలు వెతకాల్సి వచ్చింది.

సీమలో రొయ్యకి ఇంకో శత్రువు ఉంది, వంటింట్లోనే. ఉడికించిన పాలకూర, దోస ముక్క చెర్రీ రొయ్యకి ఇష్టమైన మేత. పురుగుమందు కొట్టిన కూరైతే అదే ఆఖరి భోజనం. పురుగూ రొయ్యా దగ్గరి చుట్టాలు గనక, పురుగుని చంపేది రొయ్యనీ చంపుతుంది. చేపల జబ్బులకి వాడే రాగి మందు కూడా అంతే. దోమల మందు కొట్టేటప్పుడు గాలి పంపు ఆపి, తొట్టె మీద తడిగుడ్డ కప్పేవాళ్లు ఊరికే కప్పరు. పెరట్లో మందు కొట్టకుండా పండించిన ఆకుకూరే క్షేమం.

ఇక ఆ రెండో తొట్టె సంగతి. ఎర్రవి, పసుపువి, నీలంవి... వద్దనుకున్నవన్నీ అందులోకే చేరతాయి. అక్కడ ఏరేవాళ్లుండరు, ఎవరితో ఎవరైనా జతకడతారు. ఎరుపూ నీలమూ కలిస్తే ఊదారంగు పిల్లలు పుడతాయేమోనని పిల్లలు ఆశగా చూస్తారు. పుట్టవు. ఒకదానిలో పోయిన లక్షణాన్ని రెండోది పూరిస్తుంది, మొదటి కాన్పులోనే చాలావరకు మట్టి రంగు పిల్లలు వస్తాయి. ఇంకో రెండు మూడు తరాలయ్యేసరికి తొట్టెనిండా పాచి మీద పాచిలా, ఇసుకలో ఇసుకలా కలిసిపోయే రొయ్యలే. దగ్గరికెళ్లి కళ్లు చికిలించి చూస్తే గానీ కనబడవు. తైవాన్ వాగులో వాటి ముత్తాతలు ఉండేది సరిగ్గా అలాగే.